కొలత గడిలో అరవై మూడు గీతలు

వానాకాలంలో పుండ్లు ఎందుకు ఆలస్యంగా మానతాయి? ఏడేళ్లుగా ఈ ప్రశ్న నా వెంటే ఉంది. విచారణాధికారి గారు ముందు వయసూ వృత్తీ చెప్పమన్నారు. చెబుతాను. కానీ ఈ ప్రశ్నే లేకపోతే నేను ఇవాళ ఈ కుర్చీలో కూర్చునే అవసరం వచ్చేది కాదు కాబట్టి దాన్ని ముందు రాయించాను.

నా పేరు, చిరునామా పై కాగితంలో ఉన్నాయి. వయసు నలభై ఆరు. నర్సింగ్ కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠం చెబుతాను. ఈ విచారణ ఎవరి గురించి జరుగుతోందో ఆవిడ మా అత్తగారు. వయసు డెబ్భై రెండు. పెద్దాస్పత్రిలో పుండ్ల వార్డులో ముప్ఫై ఒక్క ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ రోజూ ఉదయం ఎనిమిదికి అదే ఆస్పత్రికి వెళ్లి, బయటి రోగుల గదిలో జీతం లేకుండా కట్లు కడుతున్నారు. ఆవిడ నర్సు రిజిస్ట్రేషన్ ఉంచాలా, రద్దు చెయ్యాలా అన్నది ఈ విచారణలో తేలుతుందని చెప్పారు. రద్దయితే ఆవిడ ఇక ఎవరి కట్టూ విప్పడానికి వీల్లేదు. అది తెలిసే మాట్లాడుతున్నాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆవిడంటే నాకు ఇష్టం. ఇది కూడా రాసుకోమన్నాను. రాస్తున్న గుమాస్తాగారు తలెత్తి చూశారు. నా మాటని ఎంతవరకు నమ్మాలో తేల్చుకునేవారికి అది తెలియాలి కదా.

వార్డులో ఆవిడని కొలబద్ద సిస్టర్ అనేవారు. జేబులో చిన్న స్టీలు కొలబద్ద ఉండేది. ఏ పుండునైనా కొలిచి రాశాకే కట్టు కట్టేవారు. నేను కాపురానికి వచ్చిన మొదటి నెలలో కత్తిపీటకి వేలు తెగితే ముందు కొలబద్ద తీశారు. "పదకొండు మిల్లీమీటర్లు. బతుకుతావులే," అన్నారు.

ఆవిడ రిజిస్టరులో రోగి పేరు, తేదీ పక్కన రెండు గడులు ఉంటాయి. ఒకటి కొలత, ఇంకొకటి స్థితి. స్థితి గడిలో మూడు మాటల్లో ఏదో ఒకటి రాస్తారు: తడి, సగం ఆరింది, ఆరింది. 'ఆరింది' అని రాసిన మర్నాడు రోగిని ఇంటికి పంపేస్తారు. వార్డులో ఉన్నవి ఇరవై నాలుగు మంచాలు.

ఏడేళ్ల క్రితం ఆస్పత్రి అనుమతితో ఆవిడ చివరి ఆరేళ్ల రిజిస్టర్లు మా కాలేజీకి వచ్చాయి. పేర్లు తీసేసి, అంకెలు వేసి, ఆరువందల నలభై మంది వివరాలు నేనే ఎక్కించాను. వానాకాలంలో చేరినవాళ్లు రెండువందల పదిమంది. వాళ్ల పుండ్లు మానడానికి మిగతావాళ్ల కంటే సగటున ఆరు రోజులు ఎక్కువ పట్టింది. ఎన్నిసార్లు లెక్క వేసినా ఆరు రోజులే. ఒక ఆరోగ్యశాస్త్రాల జర్నల్‌కి పంపుదామని వ్యాసం మొదలుపెట్టాను. రచయితలం ముగ్గురం: నేను, శస్త్రచికిత్స విభాగం పెద్దడాక్టరు, మా అత్తగారు. ఫలితం మాత్రం ఆవిడకి చెప్పలేదు. పూర్తయ్యాక చదివి వినిపించి ఆవిడ చేత ఒక మెచ్చుకోలు మాట అనిపించుకోవాలని నా ఆశ.

జర్నల్ నియమాలే పందొమ్మిది పేజీలు ఉన్నాయి. వ్యాసం మూడున్నర వేల మాటలు దాటకూడదు. పట్టికలు నాలుగుకి మించకూడదు. సారాంశం రెండువందల యాభై మాటల్లో ఉండాలి. కోసీ కోసీ మూడు వారాల్లో అక్కడికి తెచ్చాను. చివరికి ఒక పత్రం మిగిలింది. 'నేను ఈ వ్యాసాన్ని పూర్తిగా చదివి ఆమోదించాను' అని ప్రతి రచయితా సంతకం పెట్టాలి. చాలామంది చదవకుండానే పెడతారు. నాకు అందుకు మనసొప్పలేదు. వ్యాసం ఇంగ్లీషులో ఉంది, అత్తగారికి అంత ఇంగ్లీషు రాదు. వాక్యం వాక్యం తెలుగులో చెబుతూ చదవాలనుకున్నాను.

మార్చి పద్నాలుగు, ఆదివారం, ఉదయం పది గంటలకు భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టాం. ఆవిడ ఉతికిన వంటింటి గుడ్డలు మడతపెడుతున్నారు. ప్రతి గుడ్డా నాలుగు మడతలు, అంచులు లోపలికి, కట్టుగుడ్డ మడిచినట్టే. మా ఆయన పక్క గదిలో ఫ్యాను విప్పి తుడుస్తున్నారు.

"ఎందుకే ఇదంతా? సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు," అన్నారు అత్తగారు.

"చదివి ఒప్పుకున్నానని ఉంది అత్తయ్యా. చదవకుండా ఎలా పెడతారు?"

"పెద్దడాక్టరు చదివాడా?"

"చదివానన్నారు."

"ఎన్ని నిమిషాల్లో?"

నేను మొదటి పేజీ తీశాను.

"అమ్మా, పెట్టెయ్ సంతకం, వంట వేళవుతోంది," అన్నారు మా ఆయన లోపల్నుంచి.

"నువ్వు ఫ్యాను సంగతి చూసుకోరా. పోయినసారి బిగించాక రెండు మరలు మిగిలాయి."

పదీ నలభైకి నాలుగో పేజీకి వచ్చాం. అక్కడ నేను రాసిన వాక్యం ఇది: 'వానాకాలంలో చేరిన అరవై మూడు మంది విషయంలో చివరి రోజుల్లో పుండు కొలత నమోదు కాలేదు, గీత మాత్రమే ఉంది. వార్డులో పనిభారం ఇందుకు కారణం కావచ్చు.'

మడతపెడుతున్న చెయ్యి ఆగింది.

"ఎవరన్నారు పనిభారమని?"

"గీతలున్నాయి కదా అత్తయ్యా. కొలవడానికి తీరిక లేక..."

"నేను కొలవకపోవడమా? నేను కొలవని పుండు ఒక్కటి చూపించు."

"మరి గీత ఎందుకు పెట్టారు?"

"కొలిచాను. సున్నా వచ్చింది."

"సున్నా వస్తే సున్నా రాయాలి కదా."

"సున్నా రాస్తే మర్నాడు ఇంటికి పంపాలి. ఇల్లుంటేగా పంపడానికి."

తర్వాత ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాయిస్తున్నాను. వాళ్లు వంతెన కింద, బస్సు షెడ్డులో పడుకునేవాళ్లు. పుండు మానింది. బయట వాన. కొత్త చర్మం మీద బురదనీళ్లు పడితే వారంలో మళ్లీ వస్తారు. అందుకని స్థితి గడిలో 'తడి' అని రాసి, వాన తెరిపిచ్చేదాకా ఉంచేవారు. కొందరిని పది రోజులు, కొందరిని నెల. "కొలత గడిలో అబద్ధం రాయడానికి మాత్రం చెయ్యి రాలేదే. గీత పెట్టి ఊరుకున్నాను," అన్నారు.

మిగతాది కూడా చదవమన్నారు. చదివాను. వానాకాలంలో ఆరు రోజుల ఆలస్యానికి గాలిలో తేమ కారణమని మా అభిప్రాయం అన్న వాక్యం దగ్గర ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. మడిచిన గుడ్డ విప్పి కళ్లు తుడుచుకుని, మళ్లీ నాలుగు మడతలు పెట్టారు.

"తేమ కాదే పిచ్చిదానా, నేను."

మా ఆయన ఫ్యాను రెక్క చేత్తో పట్టుకుని వచ్చి ఏమైందని అడిగారు.

"మీ ఆవిడ ఏడేళ్లు కూర్చుని నన్ను పట్టుకుందిరా," అన్నారు ఆవిడ.

నేనూ నవ్వాను. నవ్వలేదని చెబితే నా మాటకి గౌరవంగా ఉండేది, కానీ నవ్వాను.

ఆ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా రిజిస్టర్ల ఫొటోలు పెట్టుకుని అరవై మూడూ ఒక్కొక్కటే చూశాం. పేరు చూసి ఆవిడ చెప్పేవారు: ఈయన చెప్పులు కుట్టేవాడు. ఈవిడ కొడుకు గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్లిపోయాడు. ఈ తాత మంచం దిగనని దిండు పట్టుకుని కూర్చునేవాడు. అలా నలభై ఒక్క మంది సంగతి ఖాయంగా చెప్పారు. మిగతా ఇరవై రెండు మంది గుర్తులేరు. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు వేరే నర్సు నిజంగానే కొలవకుండా గీత పెట్టి ఉండవచ్చు. అరవై మూడూ తీసేసి లెక్కవేస్తే వానాకాలం తేడా ఒక్క రోజు కూడా రాలేదు. నలభై ఒకటే తీస్తే రెండు రోజుల పైచిలుకు మిగిలింది.

ఆ తర్వాత పదకొండు రోజులు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఉదయం ఏడున్నరకి ఆవిడ సంచీలో కొలబద్ద వేసుకుని బయల్దేరడం కిటికీలోంచి చూసేదాన్ని. నాలుగో రోజు అడిగారు.

"పంపావా?"

"లేదత్తయ్యా. ఆలోచిస్తున్నాను."

"నువ్వు కూరలో ఉప్పు వెయ్యడానికి కూడా ఆలోచిస్తావు. అంతలో అది మాడుతుంది."

మార్చి ఇరవై ఐదు, గురువారం ఉదయం గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నారు: "ఇవాళ వెళ్లి చెప్పు. నా వాటా అబద్ధాలు నేను రాసేశాను. నా కోసం నువ్వు కొత్తవి మొదలుపెట్టకు."

ఆ సాయంత్రం నాలుగుంబావుకి పెద్దడాక్టరు గదికి వెళ్లి చెప్పాను. ఆయన అన్నారు: "గీతలున్నవన్నీ తీసేద్దాం. కొలతలు లేవు కాబట్టి మినహాయించామని రాద్దాం. అది అబద్ధం కాదు కదమ్మా."

"కాదు సార్. కానీ ఎందుకు లేవో మనకి తెలుసు కదా."

"ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది," అన్నారు. తెలిశాక ఊరుకోవడం ఆయన పదవికి కుదరదు. నా ఎదుటే పాలనా విభాగానికి ఉత్తరం రాశారు. రాస్తుండగా ఆయన చెయ్యి మూడుసార్లు ఆగింది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయనకి కట్టు కట్టడం నేర్పింది మా అత్తగారే. ఆయన తప్పు చేశారని నేను అనడం లేదు. వ్యాసం ఇంతవరకు ఎక్కడికీ పంపలేదు.

దీనివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అని విచారణాధికారి గారు అడిగారు. జరిగి ఉండవచ్చు. ఈ సంగతి ఆవిడ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ గురువారం ఉదయం గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, "ఇది కూడా చెప్పు," అన్నారు. రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక వాన రోజు మధ్యాహ్నం మూడింటికి గోడలకి రంగులు వేసే మనిషి కాలి పుండుతో వచ్చాడు. ఇరవై నాలుగు మంచాలూ నిండి ఉన్నాయి. అందులో రెండింటిలో ఉన్నవాళ్లకి పుండ్లు మానిపోయాయి. ఆవిడ పుండు కొలిచి, కట్టు కట్టి, రెండు రోజులాగి రమ్మన్నారు. నలభై నాలుగు మిల్లీమీటర్లు. అతను మళ్లీ రాలేదు. తర్వాత రెండు ఆస్పత్రుల్లో వాకబు చేశారు, తెలియలేదు. అతన్ని చేర్చుకోలేదు కాబట్టి రిజిస్టరులో లేడు, నా ఆరువందల నలభైలోనూ లేడు.

చివరగా, ఆవిడ చేసింది తప్పని మీరు అనుకుంటున్నారా అని అడిగారు. వేరే నర్సు అయ్యుంటే తప్పని ఆ ఆదివారమే రాసి ఇచ్చేదాన్ని. ఆవిడ కాబట్టి పదకొండు రోజులు ఆగాను. ఆ గురువారం నుంచి ఒకవైపు నలభై ఒక్క మందిని, ఇంకోవైపు రంగులు వేసే మనిషిని పెట్టి చూస్తూ వచ్చాను. ఇలాంటివి పోల్చడం నా ఉద్యోగం. పోల్చలేకపోయాను. తప్పా కాదా అన్నది ఇవాళ్టికీ నేను తేల్చుకోలేదు. తేల్చుకున్నానని రాయవద్దని కోరుతున్నాను.

ఇదంతా నాకు మొదటినుంచి చదివి వినిపించారు. రెండు చోట్ల తేదీలు దిద్దించాను. తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియదనే చెప్పాను. చదవకుండా సంతకం పెట్టలేదు.

(సంతకం)
మధ్యాహ్నం పన్నెండూ ఇరవై