చెల్లెలి చేతి సగం

సగమా? ఏమన్నారూ, మళ్ళీ అనండి పాస్టరయ్యగారూ. పల్లపు నేలలో సగం నాకిస్తుందటా మా చెల్లెలు లవీనియా? ఇవ్వడానికి అదెవరండీ? అత్త సొమ్ము అల్లుడి దానం అన్నట్టు, దేవుడి నేలకి అది దాతా?

కూర్చోండి, కూర్చోండి. ఇంత మాట నిలబడి చెప్పేస్తే ఎలా? ఆ పీపా మీదే కూర్చోవాలి, మా ఇంట్లో కుర్చీల్లేవు. కాఫీ అంటే వేయించిన బఠానీలే, మొహం చిట్లించకండి. వాళ్ళింట్లో భోంచేసే వచ్చారని తెలుస్తూనే ఉందిలెండి. గడ్డానికి వెన్నంటింది, తుడుచుకోండి.

వెన్న! దాని ఆవుకి పాలెందుకుండవు? మోకాలెత్తు పచ్చిక. మా ఆవేమో రాళ్ళు నాకుతోంది.

లేదండీ, అరవడం లేదు. నా గొంతే ఇంత.

మీరే చెప్పండి. మిస్సోరీలో బయల్దేరిన రోజున బండి నొగ మీద నిలబడి ప్రసంగం చేసిందెవరు? పడమటి సముద్రం దాకా ఉన్న నేలంతా దేవుడు మన కోసమే దాచి ఉంచాడు, పోయి స్వతంత్రించుకోండి అన్నది మీరు కాదూ? అందరం ఏడ్చాం. నేను మా అమ్మ సమాధి వదిలి వచ్చేశాను. లవీనియా కూడా ఏడ్చింది, కాదనను. అది ఏడిస్తే ముద్దొస్తుంది, నేనేడిస్తే ముక్కు ఎర్రబడుతుంది. అందరూ పోయి దాన్నే ఓదార్చారు. మీరు కూడా.

ఆ తర్వాత మీరే అన్నారు, ఆదివారం బండి కదలకూడదని. విశ్రాంతి దినం పాటించేవాళ్ళనే యెహోవా ఆ దేశంలోకి నడిపిస్తాడన్నారు. ఆగాం. దారి పొడుగునా ప్రతి ఆదివారం ఆగాం. మగాళ్ళకీ ఎద్దులకీ విశ్రాంతి, మాకు వారం బట్టలు! ఉతుకుతూ కీర్తనలు పాడుకున్నాం.

దాని మొగుడు రూఫస్ ఏం చేశాడు? ప్లాట్ నది దగ్గర, "దేవుడు ఆగుతాడు గానీ గడ్డి ఆగదు" అని నవ్వి బండి తోలుకుపోయాడు. లవీనియా వెనక్కి తిరిగి చెయ్యూపింది. "అక్కా, నీకూ ఓ మంచి చోటు చూసి పెడతాలే" అంది.

చూసి పెట్టింది పాపం!

మేం లోయలోకి దిగేసరికి ఊట పక్కన నాలుగు దుంగలు చదరంగా పేర్చి ఉన్నాయి. ఇక్కడ అంతేగా. నాలుగు దుంగలు పేర్చి ఇల్లు మొదలెట్టామంటే చాలు, నేల వాళ్ళదే, ఎవరూ మారుమాట్లాడరు. ఊట వాళ్ళది, ఒండ్రుమట్టి వాళ్ళది, ఏటి ఒడ్డున ఓక్ చెట్లు వాళ్ళవి. మాకీ రాళ్ళగుట్ట. మా నాన్న నాకు కెజీయా అని బైబిల్లో యోబు కూతురి పేరు పెట్టుకున్నాడు. ఆవిడకి వాళ్ళ నాన్న అన్నదమ్ములతో సమానంగా ఆస్తిలో వాటా, స్వాస్థ్యమిచ్చాడట. నాకేమో నాగలి కర్రు విరగ్గొట్టే స్వాస్థ్యం దక్కింది.

పోనీ, దొరికింది తిని ఊరుకోవచ్చుగా? ఊరుకోదు. కనబడ్డవాళ్ళందరితోనూ "దేవుడే చూపించాడు, దేవుడే ఇచ్చాడు" అంటుంది. ఆదివారం పూట గొడ్డలి పట్టినవాళ్ళకి దేవుడిచ్చాడా? మరి బండాపి కీర్తనలు పాడినవాళ్ళకి ఈ గుట్ట ఎవరిచ్చారండీ, సైతానా?

నవ్వొస్తోందా? నవ్వండి.

ఆ గులాబీ చూశారా, వాళ్ళ గుమ్మం ముందు? మా అమ్మ చెట్టుది. చెరో కొమ్మా బంగాళాదుంపలో గుచ్చి తెచ్చుకున్నాం. నాది స్నేక్ నది ఎండకి మాడి చచ్చింది. రోజూ నా వంతు నీళ్ళలోంచి పోశానండీ దానికి, నాలిక పిడచకట్టుకుపోతున్నా పోశాను. అది తెచ్చినదేమో మొగ్గ తొడిగింది. "నీకూ ఓ కొమ్మ ఇస్తానక్కా" అంటుంది. ఇస్తుందిట! మా అమ్మ గులాబీ నాకు అదిస్తుందిట!

పొద్దున్నే లేవగానే ప్రార్థన కంటే ముందు దాని పొగగొట్టం కేసి చూస్తాను. ఇంకా పొగ రాకపోతే, బద్ధకస్తురాలు అనుకుని హాయిగా ఉంటాను. పొగ వచ్చేసిందా, ఇంక ఆ పూట నాకు రొట్టె సహించదు. కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నానని మా ఈనోస్ అంటాడు. కట్టుకున్న మొగుడే అన్నాక మీరనడంలో తప్పేముంది?

పొరుగింటి పుల్లకూర రుచి అంటారా? పొరుగింటిది కాదండీ బాబూ. నా కంచంలో కూర అది.

ఏమిటీ? ముందొచ్చినవాళ్ళదే నేల అంటారా? ఇది మీ నోట రావాల్సిన మాటేనా? మమ్మల్ని ఆపింది మీరే, ఆగినందుకు వెనకబడ్డారనేదీ మీరే.

అయినా, అనకూడదు గానీ, ముందొచ్చినవాళ్ళదే అయితే ఆ ముసలామె సంగతేమిటి?

అదేనండీ, ఈ లోయలోనే పుట్టి పెరిగిన ఆ కలపూయా తెగ ముసలామె. వాళ్ళవాళ్ళు చలిజ్వరాలకి ఊళ్ళకూళ్ళే పోయారటగా. మిగిలిన నలుగురినీ వెంటేసుకుని ఏటా ఆ పల్లానికే వస్తుందట, కామస్ దుంపలు తవ్వుకోడానికి. అక్కడ ఇప్పుడు దుంపలేవీ? సగం రూఫస్ దున్నేశాడు, మిగతా సగం అతని పందులు పెకలించి తినేశాయి.

మొన్న నీళ్ళకి దిగాను. దిగక చస్తానా, చెల్లెలి ఊట నుంచి మోసుకోవాలిగా. ఆవిడ తవ్వుకోల పట్టుకుని నిలబడి ఉంది. లవీనియా నవ్వుకుంటూ వచ్చి ఇంత మొక్కజొన్న రొట్టె చేతిలో పెట్టింది. ముసలామె తీసుకుంది. తినలేదు. అలా చూస్తూ నిలబడింది. గుమ్మం చూసింది, గులాబీ చూసింది, పొగ చూసింది.

ఆ చూపు నాకు తెలియదా అయ్యగారూ? రోజూ ఈ గుట్ట మీద నుంచి నేను చూసే చూపే. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఒకే ఇంటికేసి చూస్తున్నాం! గబగబా బకెట్టెత్తుకుని గుట్టెక్కాను. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి.

సరే సరే, పోల్చను. వాళ్ళకీ మనకీ పోలికేమిటి? దేవుడు మనకే దాచి ఉంచాడు. మరి దాచిన చోట వాళ్ళనెందుకు కూర్చోబెట్టాడో, చదువుకున్నవాళ్ళు మీరే చెప్పాలి.

కప్పు కింద పెట్టేశారేం? కాఫీ చేదుగా ఉందా?

జవాబు ఇవాళే కావాలా? ఓహో, రేపు కంచె మొదలెడతాడా రూఫస్. అదీ సంగతి. మా ఈనోస్ మాట నాకు తెలుసు. "తీసుకుందాం కెజీయా, గోధుమ మొలకలు మాడిపోయాయి, ఇంకో చలికాలం ఈ గుట్ట మీద బతకలేం" అని రాత్రి నా చెయ్యి పట్టుకుని అడిగాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

ఒక్క మాట చెప్పనా? మేమే ముందొచ్చి ఉంటే దానికి సగమిచ్చేదాన్నా? మీ దగ్గర అబద్ధమెందుకు, పిడికెడు మట్టి ఇచ్చేదాన్ని కాదు. అది బకెట్టు మోసుకుంటూ గుట్టెక్కుతుంటే కిటికీలోంచి చూసి సంతోషించేదాన్ని. నా మండిపాటంతా అదే. నేల కొట్టేసింది సరే, మంచిదన్న పేరు కూడా అదే కొట్టెయ్యాలా?

వెళ్ళిపోతారా? ఆగండి.

తీసుకుంటానని చెప్పండి. ఊట వైపు సగం. అవునండీ, ఊట వైపే, అడిగితే తప్పేముంది? ఇంకో మాట కూడా చెప్పండి. ఆ కంచె ముసలామె వచ్చే దారి నుంచి మొదలెట్టమనండి. ఎత్తుగా, సందు లేకుండా. ఆవిడ అటు నిలబడి అలా చూస్తుంటే ఇవతల నేను వంట చేసుకోలేను.

కంచె పూర్తయ్యాక మీరొచ్చి, ఈ నేల మనకి దేవుడే ఇచ్చాడని గట్టిగా ఓసారి ప్రసంగించి వెళ్ళండి. నమ్ముతాను. సగం నాదయ్యాక నమ్మక ఏం చేస్తాను?