చేరే తేదీ లేని ఉద్యోగం

కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు సంచి కూడా దించకుండా గడప మీద కూలబడింది. అమ్మమ్మ కుట్టుమిషను ఆపింది.

"ఎప్పుడు చేరమన్నారే?"

"మళ్ళీ వాయిదా. ఈసారి తేదీ కూడా చెప్పలేదు."

"రేపు ఇంకో కంపెనీ వస్తోందన్నావుగా?"

"ఉద్యోగం వచ్చినవాళ్ళని మా కాలేజీలో రెండో కంపెనీ ఇంటర్వ్యూకి కూర్చోనివ్వరు. మొదటిది వద్దని రాసిస్తేనే రానిస్తారు."

"రాసిచ్చెయ్."

"రేపటిదీ రాకపోతే? పైగా ఉద్యోగం వచ్చిందని వీధంతా డప్పు కొట్టావు. ఏం మొహం పెట్టుకుని తిరుగుతావ్?"

అమ్మమ్మ దారం కండెకి చుట్టింది.

"నా మొహం సంగతి నేను చూసుకుంటాలే. అడిగితే, మా పిల్లే వాళ్ళని వద్దందని చెబుతా. అబద్ధం కూడా కాదుగా."

మనవరాలికి నవ్వొచ్చింది, కానీ సగంలోనే ఆగిపోయింది.

"విసుగొచ్చేసింది అమ్మమ్మా."

"రాసేసి పడుకో."

"అయితే పొద్దున్నే లేపు."