ఎర్ర గుర్తు మీద పసుపు రంగు

ఆ తాపీ సంచిలో పెట్టేస్తున్నావేంటి ముస్యోకీ? పొద్దున్నే కబురు పెడితే పది గంటలకొచ్చావు, స్తంభం మీద రెండుసార్లు తట్టావు, అంతే, నా వల్ల కాదంటావా? పగులు పూడ్చమని పిలిచానా, ఇంటికి శాపం పెట్టమని పిలిచానా?

పోయిన నెల నువ్వేగా పూడ్చావు! అదే పగులు, అదే స్తంభం. ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?

ఏంటీ, వేలు దూరుతోందా? నీ వేలు సన్నం కాబట్టి దూరింది. నన్ను పెట్టి చూడమనకు. నేను పెట్టను.

సరే, ఆ బకెట్టు బోర్లించి కూర్చో. టీ తాగు. కాస్త మెల్లగా మాట్లాడు బాబూ, పక్క గదిలో వాళ్ళు వింటారు. అద్దెకున్నవాళ్ళకి ఒళ్ళంతా చెవులే.

నీకు తెలియందేముంది? మా ఆయన పోయాక మార్కెట్లో దుంపలమ్మి, ఆడవాళ్ళ చీటీ ఎత్తుకుని, ఈ జానెడు స్థలం కొన్నాను. అద్దె గదులు కట్టు, కాలు మీద కాలేసుకుని తిను అన్నారు అందరూ. కాలు మీద కాలట! ఒకడికి నీళ్ళు రావు, ఇంకొకడికి కరెంటు లేదు, మరొకడికి పెళ్ళాంతో పేచీ. అన్నీ నా నెత్తినే.

మూడంతస్తులకి మున్సిపాలిటీ వాళ్ళు కాగితం ఇచ్చారు. మూడే వేశాం. నాలుగోది వెయ్యమన్నది నేనే, కాదన్నానా? మరి గేటు ముందు పరుపులు చుట్టుకుని జనం నిలబడితే పొమ్మంటామా? స్లాబు తడి ఆరలేదు, కింద పెట్టిన కర్రలు తియ్యలేదు, ఈ గది మాదంటే మాదని తాళాలు వేసుకున్నారు. అలా ఐదు. అలా ఆరు, ఏడు. ఈ నైరోబీలో మన ఒక్కళ్ళమేనా? పక్కింటి ఒటియెనోది ఎనిమిది! నిలబడలేదూ?

ఇసుక మాట ఎత్తకు. ఒప్పుకుంటా, సిమెంటు బస్తాకి ఇంకో రెండు తట్టలు ఎక్కువ వెయ్యమన్నది నేనే. కలిపింది ఎవరి చెయ్యి మరి? ఆ పాపం చెరి సగం.

ఏప్రిల్లో వానలప్పుడు మున్సిపాలిటీ ఆఫీసు మనుషులొచ్చి ఈ గోడ మీద ఎర్రగా ఇంటూ గుర్తు వేసి పోయారు. ఇల్లు ఖాళీ చెయ్యమని. ఆ సాయంత్రమే పసుపు రంగు వేయించాను. తెల్లారేసరికి ఎరుపు పైకి తేలింది. రెండో పూత వేయించాను, మళ్ళీ తేలింది. మూడో పూత వేయించి, దాని ముందు నీళ్ళ ట్యాంకు పెట్టించాను. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు నన్ను! ఈ వీధిలో ఆ గుర్తు లేని గోడ ఏది? జనానికి అదీ ఇంటి నంబరులాంటిదే అయిపోయింది.

ఆ తర్వాత తలుపుల గోల. నాలుగో అంతస్తులో తలుపు పట్టేస్తోందన్నారు. వానకి చెక్క ఉబ్బిందిలే అని వడ్రంగితో చిత్రిక పట్టించాను. వారం తిరక్కుండా మళ్ళీ పట్టేసింది. మళ్ళీ చిత్రిక. ఇప్పుడు పై అంతస్తుల్లో తలుపులు పట్టేస్తున్నాయి. అవి ఇనప తలుపులు ముస్యోకీ.

వానకి ఇనుము ఉబ్బదని నాకూ తెలుసు.

అలా చూడకు. లేచావేం? ఎక్కడికి? పైకా? తలుపు తలుపూ కొట్టి దిగిపొమ్మని చెప్తావా? తొంభై ఆరు గదులు! ఇవాళ వాళ్ళు దిగిపోతే రేపు మళ్ళీ ఎక్కుతారా? ఈ వయసులో నన్ను మళ్ళీ దుంపల బస్తా మొయ్యమంటావా?

ఆగు. ఆగమంటున్నానా! ఒక మాట విని వెళ్ళు.

గతోనీని పంపేశాను. అవును, నా కూతుర్నే. పోయిన ఆదివారం చర్చి నుంచి రాగానే, మంచం, బీరువాతో సహా, మా చెల్లెలింటికి. ఉద్యోగానికి దగ్గరని అందరికీ చెప్పాను. నేనూ అక్కడే పడుకుంటున్నాను. పొద్దున్నే వచ్చి, ఇక్కడే నిద్ర లేచినదాన్లా గేటు దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. తెలిసే చేశాను. తిట్టు. ఎంత తిట్టినా పడతాను.

ఇంకా ఉంది.

సోమవారం ఒక పిల్ల వచ్చింది గది కావాలని. వెనక ఓ కుర్రాడు, చేతిలో చిన్న స్టవ్వు. మాట మీ మాచాకోస్ వైపు మాట, నుదురు అచ్చం నీ నుదురు. నీ పేరెత్తగానే హడలిపోయింది. "అమ్మా, నాన్నకి చెప్పొద్దు. డిసెంబరులో ఈయన కన్యాశుల్కం మేకలు తోలుకెళ్ళి మా వాకిట్లో కట్టి, పద్ధతిగా నన్ను పెళ్ళికి అడుగుతాడు. అందాకా ఆగండి, లేకపోతే నాన్న నన్ను చంపేస్తాడు" అని ఏడ్చింది.

కవీన్యా, ముస్యోకీ. నీ కవీన్యా.

ఐదో అంతస్తు, మెట్ల పక్క గది. గతోనీ ఖాళీ చేసిన గదే. తాళం నా చేత్తోనే ఇచ్చాను.

వద్దనొచ్చు కదా అంటావు. అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ క్షణాన ఏమనుకున్నానో చెప్పనా? మేస్త్రీ కూతురు పైన కాపురముంటే మేస్త్రీ ఈ స్తంభాన్ని వదిలేసి పోడులే అనుకున్నాను. ఎలాగోలా నిలబెడతాడులే అనుకున్నాను. అంత కష్టంలో అదీ ఒక అదృష్టంలాగే కనిపించింది నాకు.

ముస్యోకీ... ఒరే, పరిగెత్తకు! మెట్ల మీద పరిగెత్తకు నాయనా, మెల్లగా ఎక్కు!