స్వాతి వాళ్ళ టబ్బు

(కార్తీకమాసం. నరసరావుపేటలో స్వాతి ఇంటి మేడ మీద బాత్రూము. స్వాతి పంచారామాల యాత్రకు పోయింది. ఇంటి తాళంచెవి తోడికోడలు మల్లీశ్వరి కొంగున ఉంది. టబ్బులో దిగి గొంతుక్కూర్చున్నవాడు బండ్లకు రంగులేసే ముబారక్.)

"బిందె జారిపడిందని చెప్పాగా ముబారకూ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"బిందె పడితే ఒకచోట పెచ్చు లేస్తది పిన్నీ. ఇక్కడ చూడు, టబ్బంతా అమ్మవారు పోసినట్టుంది."

"దొర్లింది. బిందె గదా, దొర్లుద్ది."

"మరి అడుగున నునుపంతా పోయి గరుగ్గా అయిందే?"

"దొర్లీ దొర్లీ అరిగింది."

"సరే. ఈ పెచ్చులో తెల్లగా ఇదేంది? వేలు పెడితే లోపలికి పోతంది."

"నేనే పూడ్చా. ఇడ్లీ పిండి."

"ఇడ్లీ పిండా!"

"రంగు కలిసిందిరా అబ్బాయా. సాయంత్రం పూడిస్తే అచ్చం టబ్బే. పొద్దున వచ్చి చూస్తే పొంగి కూర్చుంది."

"ఆవిరి పెట్టకపోయావా, గట్టిపడేది."

"ఎకసెక్కాలాడమాక. గరుకు కాయితం తెచ్చుకున్నావుగా, రుద్దు."

"రుద్దుతున్నా. పిన్నీ..."

"మళ్ళీ ఏంది?"

"బిందెకి పొలుసులుంటయ్యా?"

"పొలుసులేంది?"

"ఇదిగో, వేలికి అంటుకుంది. మెరుస్తంది."

"అది... సబ్బు. సబ్బు పొర."

"వాసన చూడు."

"నేను చూడను. కార్తీకమాసం."

"అందుకా ఇంత సాంబ్రాణి వేశావు! మెట్లెక్కుతుంటే దర్గాకొచ్చినట్టుంది నాకు."

"ముందా తలుపు వెయ్యి. వేశావా? ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

"నేనెవరికి చెప్తా పిన్నీ? నా పనే ఒకరి సొట్టలు ఇంకొకరికి కనపడకుండా చెయ్యడం."

"కొరమీనులు. బతికున్నయ్. సాగరు కాలవలో పట్టినయ్యంట, ఒకామె గంపెత్తుకుని సందులోకొచ్చింది. నాకు నోరూరింది. తప్పా?"

"తప్పేముంది! మీ ఇంట్లోనే వండుకోపోయావా."

"మా ఇంట్లోనా? మీ బాబాయి మాలేసుకున్నాడు. మా అత్త సంగతి నీకు తెలియనిదా, ఉల్లిపాయ కూడా గేటు బయటే నిలబడాలి. స్వాతి ఇల్లు ఖాళీ, తాళం నా దగ్గరే. తెచ్చి ఈ టబ్బులో నీళ్ళు పెట్టి వదిలా. ఎంత ముచ్చటగా ఈదినయ్యో!"

"ఈదినాక?"

"ఈదినాక తోమాలి గదా. కొరమీనుని బూడిదేసి రాయి మీద రుద్దకపోతే జిగురు వదలదు. పెరట్లో నాపరాయి ముక్కుంటే తెచ్చి, టబ్బులో వేసుకుని కూర్చున్నా. పై నుంచి నేను రుద్దుతున్నా..."

"కింద నుంచి రాయి రుద్దుతోంది."

"నేను చేపనే చూశా. టబ్బునెవరు చూశారు?"

"మరి పెచ్చులు?"

"వాటిల్లో ఒకటి చచ్చినట్టు పడుంది. చెయ్యేశానో లేదో, ఎగిరి తోకతో నా చెంప మీద కొట్టింది. మా అమ్మ కూడా కొట్టలేదు నన్ను. పచ్చడిబండ తీసుకుని నేనూ కొట్టా."

"తగిలిందా?"

"ఆఖరికి తగిలింది."

"అబ్బో. అంటే ఇవన్నీ తగలనియ్యా... అరె, ఇదేంది, ఈ మూలన..."

"ఏ మూలన?"

"ఏం లేదు, ఏం లేదు. మంచి టబ్బు."

"నవ్వుతున్నావేంది?"

"రంగు మందు ఘాటు పిన్నీ. కొందరికి ఏడుపొస్తది, నాకు నవ్వొస్తది."

"నవ్వు నవ్వు. పోయిన కార్తీకంలో స్వాతి కోడిగుడ్డు తిన్నదని వీధిలో నిలబెట్టి తిట్టిందాన్ని నేను. ఒక్క నెల నాలిక కట్టుకోలేవా అన్నా. వీధంతా విన్నది. అప్పట్నుంచి నేనంటే దానికి వణుకు. ఇప్పుడిది దాని కంటపడిందనుకో, ఇంక ఈ వీధిలో నేను నోరు తెరిచేది అన్నం ముద్ద పెట్టుకోవడానికే."

"కంటపడదు. లప్పం పెట్టి, నున్నగా తీసి, పైన రంగు కొడతా."

"ఉండు! ఫోను. స్వాతే! గీకమాక. కదలమాక. హలో, చెప్పమ్మా స్వాతీ!"

"అక్కా, ద్రాక్షారామం అయిందక్కా. దర్శనం చానా బాగా జరిగింది. నీ పేరున కూడా దీపం పెట్టా."

"నా పేరునా? నాకెందుకమ్మా... చల్లగా ఉండు. ఏమన్నా తిన్నావా?"

"ఒక అరటిపండక్కా. నువ్వో?"

"నేనా? తులసి నీళ్ళు."

"నీ నిష్ఠ ఎవరికొస్తదక్కా! మేం రేపు తెల్లారేసరికి దిగుతున్నాం. నువ్వు మొక్కలకి నీళ్ళు పోసి వెళ్ళిపో చాలు. మేడ మాత్రం ఎక్కమాక, అసలే మోకాళ్ళ నొప్పులు నీకు."

"ఎక్కనమ్మా. నాకేం పని మేడ మీద? ఉంటా... ఉంటా. అయిపోయింది! విన్నావా ముబారకూ? రేపేనంట! పైగా మేడ ఎక్కొద్దంటంది. ఎవరో చెప్పారు దానికి. ఆ చేపల గంపామె అయ్యుంటది."

"ఆమెకి స్వాతి పిన్ని నంబరు యాడిది?"

"అయితే ద్రాక్షారామంలో దేవుడే చెప్పాడు."

"దేవుడికి టబ్బు పనేంది పిన్నీ! కంగారుపడమాక. సందేళకి ఆరుద్ది."

"రంగు కలవద్దూ? ఇది మన గోడల తెల్ల కాదు. మీగడ తెల్లంట. హైదరాబాదులో కొన్నప్పుడు వీధందరికీ చెప్పింది."

"తెలుసు. కలిపే తెచ్చా."

"చూడకుండానే కలిపి తెచ్చావా?"

"అంటే... పెద్దోళ్ళ టబ్బులన్నీ ఒకటే తెల్ల పిన్నీ. అటు జరుగు, పొడి ఎగిరి మీద పడుద్ది."

"నీ ఫోను మోగుతంది."

"మోగనీ."

"మళ్ళీ మోగుతంది. పాపం ఎవరో. నీ చేతులకి లప్పముంది, నేనెత్తుతా."

"వద్దు పిన్నీ! ఎత్తమాక! అది... మా ఇంటిది ఆస్మా. అన్నానికి రమ్మని."

"ఆస్మాయేగా, నా ముందు పెరిగిన పిల్ల. నీకు ఆలస్యమవుద్దని నేను చెప్తా. కళ్ళద్దాలు కూడా తేలేదు... పచ్చదేగా నొక్కాలి?"

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"స్పీకరు కూడా పడింది. ఇదిగో, నీ చెవి దగ్గర పెడతన్నా, మాట్లాడు."

"ఏందయ్యా ముబారకూ, ఎత్తవేంది? రేపు తెల్లారే దిగుతున్నాం, ఇంకా మా ఇంటికి పోలేదా? పోయిన కార్తీకంలో చేసినట్టే ఈసారీ నున్నగా చెయ్యి. కిందటిసారి కొరమీనులే నయం, ఈ పీతలు టబ్బంతా గీకి పెట్టినయ్. మూలల్లో వాటి కాళ్ళేమన్నా మిగిలితే ఏరెయ్యి. తాళం మా అక్క దగ్గరుంది. మేడ మీద పనేందని అడిగిద్దేమో, గీజరు బాగుచెయ్యాలని చెప్పు!"