ఓడినవాడి ఏప్రాన్

హలో… ఆఁ, నేనే. ఆర్విన్‌నే. ఈ ఇంట్లో ఫోన్ ఎత్తే మగాడు ఇంకెవడున్నాడు, మా పిల్లి తప్ప…

ఎవరూ? జొలీనా! కాలేజీ ఆటల కూటమి అధ్యక్షురాలు స్వయంగా! అబ్బో. లేచి నిలబడమంటావా?… సరే సరే, కూర్చునే వింటాను.

కాస్త గట్టిగా మాట్లాడు తల్లీ. ఈ ఏడు మొక్కజొన్న మరీ బరితెగించి పెరిగింది. సిగ్నల్ చేలోకి దిగిందంటే దారి తప్పిపోతోంది… నవ్వకు. పక్కింటి డెల్మర్ పోయిన నెల ట్రాక్టరుతో సహా చేలోకి వెళ్ళాడు, ఇంతవరకూ జాడ లేదు. కోతలప్పుడు దొరుకుతాడులే అని వాళ్ళావిడ నిమ్మళంగా ఉంది… నిజం! కావాలంటే మా ఆవిడ ఇర్మాని అడుగు.

ఓటు సంగతా? అది సాయంత్రం కదా… ఓహో. మిగతా నలుగురూ ఎవరైనా సరేనన్నారు. కాటన్‌వుడ్ కాలేజీ తరఫున నా ఒక్కడి మాటే మిగిలింది… తెలుసులే, ఒక్కడు కాదన్నా కొత్త కాలేజీని చేర్చుకోకూడదు. ఆ నిబంధన పెట్టినరోజు నేనూ చెయ్యెత్తాను. ఇలాంటి రోజు కోసమే ఎత్తాను.

ఆఁ… ఆఁ… ఆరు కాలేజీలుంటేనే కూటమి. ఐదైతే మన విజేతకి జాతీయ పోటీల్లో చోటివ్వరు. తెలుసమ్మా. మన ఆరోది, ఆ టోబియాస్ కాలేజీ మూతపడ్డ దగ్గర్నుంచీ దారిన పోయే ప్రతివాడూ నా చెవిలో ఇదే రుబ్బుతున్నాడు. మంగలి కూడా!… అదీ తెలుసు. ఆరోవాడు దొరక్కపోతే తలా ఒక దిక్కు పోతారు. మిగతావాళ్ళని ఎవరో ఒకరు పిలుస్తారు. మా కాటన్‌వుడ్‌ని ఎవడు పిలుస్తాడు? మా ఊళ్ళో వీధి దీపాల కంటే ఆవులెక్కువ.

లేదు, నీ మీద కాదు కోపం… నా మీద కూడా కాదు. నా మీద నాకెప్పుడూ కోపం రాదు.

సరే, చదువు. ఎవరెవరు అడుగుతున్నారో పేర్లు చదువు. వింటాను…

మెరిడియన్ గేట్! హ! అదొక యూనివర్సిటీనా? ఒకప్పుడు చెప్పుల దుకాణాలుండే బజారది. బోర్డు మార్చారు… అద్దాలు పెడితే? అద్దాలు చెప్పుల దుకాణానికీ ఉండేవి.

ఆ ఆటల డైరెక్టరొచ్చాడు కదా మా ఊరు చూడ్డానికి… నువ్వు రాలేదు ఆ రోజు, అదృష్టవంతురాలివి. వాడి బూట్లలో నా మొహం కనిపించింది జొలీన్, అద్దంలో కంటే అందంగా. తీసుకెళ్ళి చర్చి కింద హాల్లో కూర్చోబెట్టాం. మన పద్ధతేగా, వచ్చినవాడికి అన్నం పెట్టకుండా బస్సెక్కించం. మాంసం, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన చిల్లీ పెట్టాం, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టాం. వాడు రొట్టెని ఇలా పక్కకి జరిపి, ‘ఇది తర్వాత తినేదా?’ అన్నాడు… కాదు, ఇంకా విను. ‘ముంచుకోవాలి నాయనా’ అన్నాను. ‘ఎందులో?’ అన్నాడు! చిల్లీలో దాల్చిన రొట్టె ముంచుకోవడం తెలియనివాడు నెబ్రాస్కాలో పుట్టాడంటే ఆసుపత్రిలో పిల్లలు మారిపోయి ఉండాలి.

తినలేదు. ఫోటో తీసుకున్నాడు… అవును, చిల్లీకి. మా ఇర్మా వంటకి ఫోటో తీసి, ముట్టుకోకుండా లేచిపోయాడు.

‘మీ ఆటలకి జనం వస్తారా?’ అనడిగాను. ‘మాకు చాలామంది అనుచరులున్నారు’ అన్నాడు. ఎక్కడయ్యా? ఫోన్లో ఉన్నారట!… ఫోన్లో ఉన్నవాళ్ళు మా చెక్క బల్లల మీద కూర్చుని నవంబర్ గాలికి వణుకుతారా? రెఫరీ పెళ్ళాం పిల్లల గురించి అరుస్తారా?… రెఫరీగా చేసిన మీ నాన్ననా? ఆయన్నెప్పుడన్నాం… సరే, అన్నాం. ప్రేమగా అన్నాం.

తర్వాత?… సెయింట్ ఓడ్రిక్. ఆఁ, ఆయనొచ్చాడు, వాళ్ళ అధ్యక్షుడు. మెడకి రుమాలు. మైదానం చూపిస్తుంటే అటు చూడడే! ‘ఇక్కడ పడవ పందేలకి నీళ్ళున్నాయా?’ అన్నాడు. ప్లాట్ నది చూపించాను. ‘లోతెంత?’ అన్నాడు. ‘బాబూ, మా నదిలో చేపలు నడుచుకుంటూ వెళ్తాయి, వేసవిలో అవి వెళ్తుంటే దుమ్ము లేస్తుంది’ అన్నాను. పక్కనున్న అమ్మాయి అది రాసుకుంది కూడా!… ఒట్టు.

ఫుట్‌బాల్ ఉందా వాళ్ళకి? లేదు. ‘ఆలోచనలో ఉంది’ అట. నేనూ యవ్వనంలోకి తిరిగి వెళ్దామని ఆలోచనలో ఉన్నాను… తిన్నాడు, ఆయన తిన్నాడు. ఒక్క చెంచా. తిని, ‘ఆసక్తికరంగా ఉంది’ అన్నాడు. వంటని పట్టుకుని ఆసక్తికరం అంటే ఏమిటి జొలీన్? మా ఇర్మా రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. నేనేం చేశాను?

ఊఁ… రెడ్ మీసా టెక్. టెక్సస్‌వాళ్ళు. వీళ్ళ గురించి నువ్వే చెప్పు, చెప్పు… డబ్బుంది. ఉంది. టీవీవాళ్ళు వెంటబడి వస్తారు. వస్తారు. వచ్చి ఏం చేస్తారు? ఆట మంగళవారం పెట్టమంటారు! మంగళవారం ఎవడాడతాడు? మంగళవారం మా చర్చి హాల్లో ఆడవాళ్ళు బొంతలు కుట్టుకుంటారు. వాళ్ళని లేవమని టీవీవాణ్ణి చెప్పమను, వాడి టై కూడా బొంతలో కలిపి కుట్టేస్తారు.

మరి మా పిల్లలు అక్కడికెలా వెళ్ళాలి? విమానంలోనా?… మన కూటమి అంటే బస్సమ్మా. పొద్దున్నే ఎక్కాలి, ఆడాలి, తినాలి, పడుకునే వేళకి ఇంటికి చేరాలి. ఓడినరోజు బస్సులో పాటలుండవు, అంతే తేడా.

వాళ్ళు మా ఊరొచ్చినప్పుడు ఏం చేశారో చెప్పనా? వంటవాణ్ణి వెంట తెచ్చుకున్నారు! వాడు ఒక టోపీ పెట్టుకుని మా చర్చి వంటింట్లోకి నడిచాడు. మా ఇర్మా గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది… వెళ్ళిపోయాడు. టోపీ మర్చిపోయాడు. ఇప్పుడందులో మా కోడి గుడ్లు పెడుతోంది.

అయిపోయిందిగా. ముగ్గురేగా. ముగ్గురికీ నా ఓటు లేదు… ఏమిటీ? ఇంకోటుందా?… ఎవరు?… ఈసారి నిజంగానే సిగ్నల్ పోయింది, మళ్ళీ చెప్పు…

ఓస్లర్.

ఏ ఓస్లర్? నది అవతలి ఓస్లర్ స్టేటా? ఆ ఓస్లరా?… ఇర్మా! ఇర్మా, ఇది విన్నావా, ఓస్లర్‌వాళ్ళు మళ్ళీ మన కూటమిలోకి వస్తామంటున్నారట!… నవ్వుతోంది. జొలీన్, మా ఆవిడ నవ్వుతోంది.

సిగ్గుండాలి. మనతో కూర్చుని తిని, మన బల్లల మీద చలికి వణికి, ఒకరోజు ఉన్నట్టుండి మనల్ని చూసి ముక్కు మూసుకుని పెద్దవాళ్ళ కూటమిలోకి పోయారు. పోయి ఏం పీకారు? తన్నులు తిన్నారు. ఊరూరూ వెతుక్కుంటూ వెళ్ళి మరీ తన్నించుకున్నారు. పోయినేడు ఎప్పుడో ఒకసారి బంతితో గీత దాటి పాయింట్లు కొట్టారట, వాళ్ళ బ్యాండువాళ్ళకి అప్పుడు వాయించాల్సిన పాట గుర్తురాక పెళ్ళి పాట వాయించారట… ఎవరు చెప్తే ఏం? అందరికీ తెలుసు.

ఇప్పుడు గుర్తొచ్చామా? ఆకలేసిందా?… లేదు. రానివ్వను. నా ఓటు రాదు.

నీకు తెలీదు జొలీన్. నువ్వప్పటికి ఇంకా మీ నాన్న భుజాల మీదున్నావు. వాళ్ళతో ఆఖరి ఆట, మా ఊళ్ళో. రెఫరీ ఎవరనుకున్నావు, మీ నాన్నే. ఆ విజిల్ గురించి నేనిప్పుడు మాట్లాడను… ఒక్క మాట. మా వాడు బంతి చంకన పెట్టుకుని గీత దాటాడు, మీ నాన్న దాటలేదన్నాడు. దాటాడంతే… సరే. వదిలేశాను. ఎప్పుడో వదిలేశాను.

ఓడాం. ఓస్లర్‌కీ మాకూ మధ్య ఒక పద్ధతుంది, అది నీకూ తెలుసు. ఓడిన జట్టు కోచ్ ఏప్రాన్ కట్టుకుని గెలిచినవాళ్ళకి వడ్డించాలి. అప్పుడు కోచ్‌ని నేనే, కట్టుకున్నాను. మాట తప్పలేదు. ఊరంతా చూస్తుంటే గరిటె పట్టుకుని వరస వెంట నడిచాను. వాళ్ళ కోచ్ మెర్ల్ గుంతర్ ఉన్నాడే… గిన్నె ముందుకి చాపి, ‘ఇంకొంచెం వెయ్యి ఆర్విన్. నీ చెయ్యి ఆట కంటే దీనికి బాగా కుదిరింది’ అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. మా పాస్టర్ కూడా! దేవుడి మనిషి!

వేశాను. ‘వచ్చే ఏడు నువ్వు వేద్దువుగాని’ అనుకుంటూ వేశాను. వచ్చే ఏడేదీ? ఆ చలికాలమే చెప్పాపెట్టకుండా పోయారు. నాకు రావాల్సిన బాకీ అలాగే ఉండిపోయింది.

ఏప్రాన్‌దేముంది… ఓడినవాడి దగ్గరే ఉండాలిగా, మళ్ళీ గెలిచేదాకా. ఉంది. మా వంటింటి తలుపు వెనక. ‘పోనీ దాంతో చేతులు తుడుచుకోనా’ అంటుంది ఇర్మా. ముట్టుకోవద్దన్నాను. మనవరాళ్ళొస్తే దాన్ని చూపించి, ‘ఇది మీ తాత ఓడిన గుడ్డ’ అని చెప్తుంది. నా ఇంట్లో నాకున్న గౌరవం ఇది.

ఇంకేం పద్ధతులు చెప్తావు?… ఏ, వాళ్ళు మా ఊరు చూడ్డానికైనా రాలేదే? మిగతా ముగ్గురూ వచ్చారు కనీసం… ఎప్పుడూ?… గురువారమా? గురువారం నేను పశువుల సంతలో ఉన్నాను… అవునా. నేను సంతకి వెళ్ళే రోజు చూసుకుని… ఎవరు పెట్టారు భోజనం?

ఇర్మా!

… జొలీన్, ఉండు, ఫోన్ పెట్టెయ్యకు… ఏవే, నా ఇంట్లో, నా సంతరోజున, ఓస్లర్‌వాళ్ళకి… ఎవరొచ్చారు?… మెర్ల్ కొడుకా. ఇప్పుడు వాళ్ళ కోచ్ వాడేనా. ఏం పెట్టావు?… చిల్లీ. ఊఁ. తిన్నాడా?… రొట్టె ముంచుకున్నాడా? అడక్కుండానే?… గిన్నె అడుగుకంటా తుడిచేశాడట జొలీన్. మళ్ళీ పెట్టించుకున్నాడట. గిన్నెలు కూడా కడిగి వెళ్ళాడట. దొంగ వెధవ.

మెర్ల్ ఎలా ఉన్నాడట?… మోకాళ్ళు పోయాయా. మంచిది… కాదులే. పాపం అనే అన్నాను… నావా? నా మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. లేవకుండా ఉంటే.

అయినా సరే, నా ఓటు రాదు… మరి ఎవర్నంటావేమిటి? ఆ ముగ్గుర్లో ఒకణ్ణి చూసుకో… నన్నే చెప్పమంటావా? సరే. చెప్తాను. రెడ్ మీసా… ఊహూఁ. ఓడ్రిక్… వాడి రుమాలు గుర్తొస్తోంది. మెరిడియన్…

ఉండు, ఆలోచిస్తున్నాను.

చూడూ, మెరిడియన్‌వాడితో మావాళ్ళు ఓడారనుకో. ఇంటికొచ్చి తిని పడుకుంటాను. గెలిచారనుకో, అప్పుడూ తిని పడుకుంటాను. వాళ్ళని తిట్టడానిక్కూడా నాకు ఓపిక రావట్లేదు. ఇందాకట్నుంచీ తిట్టానే, అది నీ కోసం తిట్టాను… ఓస్లర్ అనగానే చూడు, గుండె పాత ట్రాక్టర్‌లా కొట్టుకుంటోంది. ఇర్మా మాత్ర తెస్తోంది… వద్దే, మాత్రెందుకు! ఇది జబ్బు కాదు.

ఏంటా చప్పుడు?… జొలీన్. నువ్వు నవ్వుతున్నావు. కావాలనే వాళ్ళ పేరు ఆఖర్న పెట్టావు!… అచ్చం మీ నాన్నే. విజిల్ ఎప్పుడు ఊదాలో మీ ఇంటివాళ్ళకి బాగా తెలుసు. ఎందుకు ఊదాలో తెలీదు గానీ.

సరే, రాసుకో. షరతులున్నాయి. మొదటి ఆట మా ఊళ్ళో. శనివారం. బస్సులో రావాలి, టీవీ గీవీ లేదు. ఓడితే మెర్ల్ వడ్డించాలి… కొడుకెందుకు? వాడి దగ్గర నాకేం బాకీ ఉంది? మెర్లే. మోకాళ్ళున్నా లేకపోయినా. కుర్చీ వేస్తాం, కూర్చుని గరిటె తిప్పమను. మా వైపు కూడా అంతే, ఓడితే నేనే, మా కుర్ర కోచ్‌కి వదలను. ఇది నాకూ ఆయనకీ మధ్య సంగతి… ఒప్పుకుంటాడా, ఒప్పుకోడా? అది చెప్పు ముందు.

ఏమిటీ?… ఆయనే అడిగాడా? కొడుకుతో చెప్పి పంపాడా?… ఏమనీ… ‘ఆర్విన్ ఆ ఏప్రాన్ ఇంకా ఉంచాడా’ అనా…

…

ఆఁ, ఉన్నాను. తలుపు వెనక చూసొచ్చాను.

ఉందని చెప్పు. మరక కూడా అలాగే ఉందని చెప్పు. ఆయన గిన్నె చాపినప్పుడు పడ్డ మరక.

ఇర్మా! తలుపు వెనకది తీసి ఇస్త్రీ పెట్టవే… నాక్కాదు! మెర్ల్‌కి!… మరక ఉండనీ, ఉతక్కు.

సరే తల్లీ, నా ఓటు ఓస్లర్‌కే అని రాసుకో. ప్రేమతో కాదని కూడా రాయి… అడుగు, ఇంకో ప్రశ్నే కదా, అడుగు…

ఏమన్నావు?… మా జట్టు పోయినేడు ఎన్ని గెలిచిందనా?… ఒకవేళ మా వాళ్ళే ఓడితేనా?… హలో? జొలీన్? హలో… వినపడట్లేదమ్మా. లేదు, ఏమీ వినపడట్లేదు. మొక్కజొన్న అడ్డొచ్చింది. ఇప్పుడే ఒక అడుగు పెరిగినట్టుంది… హలో?… పెట్టేస్తున్నా.

… పెట్టేశాన్లే, ఇర్మా. ఊరికే అరవకు.

ఆ ఏప్రాన్ ఓసారి ఇలా ఇయ్యి. నడుముకి తాడు ఇంకా సరిపోతుందో లేదో చూద్దాం… ఏం లేదే, ఊరికే!