మూడు స్టార్ల దిండు

కుట్టుమిషను ముందు అక్క. ఎదురుగా దూది మూటల మీద కూర్చుని, ఫోను చేతిలో పట్టుకుని తమ్ముడు.

“చదువు. పైకి చదువు, నేనూ వింటాను.”

“‘తల పెట్టగానే అమ్మ ఒళ్లో పడుకున్నట్టుంది. అయిదు స్టార్లు.’ బాగానే ఉందిగా అక్కా.”

“కిందది?”

“‘అచ్చం అమ్మ ఒళ్లో...’”

“దాని కిందది?”

“అదీ అంతే.”

“ముప్పై తొమ్మిది రివ్యూలు, ముప్పై తొమ్మిది మందికీ ఒకటే ఒడి. అంతమందిని కన్న ఆ మహాతల్లి ఎవర్రా?”

“రివ్యూలంటే అలాగే రాస్తారు.”

“ఎవరు రాస్తారు? మనం అమ్మింది పదకొండు దిండ్లు.”

“నీ వ్యాపారం కోసమేగా. మొహం తెలియనివాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో ఊరికే ఎవరు కొంటారు? ముందు నమ్మకం కలిగించాలి.”

“కలిగించాడు పాపం. పీచు కుక్కి బూరుగు దూదని అమ్మేవాడికీ నీకూ ఏంటి తేడా? చెప్పేవాడికి వినేవాడు లోకువని, కొనేవాళ్లంతా వెర్రివాళ్లనుకున్నావా?”

“మిషను ఆపి మరీ పిలిచింది తిట్టడానికా?”

“హాస్టల్ మేడం ఫోన్ చేసింది.”

“అరవై దిండ్ల ఆవిడా? ఖాయమేనా?”

“నిన్నటిదాకా ఖాయమే. నీ అమ్మ ఒడి రివ్యూలు చూసి కాదు. అన్నిటికంటే అడుగున మూడు స్టార్లది ఒకటుండేది.”

“ఆ, ‘దిండు బాగుంది, ఒక మూల కుట్టు ఊడింది, నేనే వేసుకున్నాను’ అని. ఆ దరిద్రమేగా?”

“ఆ దరిద్రం చూసే ఆవిడ మనల్ని నమ్మింది. ఇన్ని పొగడ్తల్లో ఇదొక్కటే మనిషి రాసినట్టుందమ్మా అంది. ఇవాళ చూస్తే అది లేదట. ఏమైంది?”

“ఏమో. వాళ్లే తీసేసి ఉంటారు, కంపెనీవాళ్లు.”

“వాళ్లంతట వాళ్లే?”

“వాళ్లే... అంటే, నేను కంప్లయింట్ పెట్టాను. గిట్టనివాళ్లెవరో రాశారని. సగటు పడిపోతోందక్కా.”

“నీ సగటు తగలెయ్య. ఆ అరవై వస్తాయనే కదరా పక్కింటి వదినని ఉన్న పని మానిపించి మరీ రమ్మన్నాను? రేపు పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. ఆవిడకేం చెప్పను?”

“సరే, తప్పయింది. పొరపాటున పోయిందని మేడంకి నేను చెప్తాలే.”

“నేను చెప్పాను. వినలేదు. తప్పు చెప్పినవాళ్ల నోరు నొక్కేవాళ్ల దగ్గర కొననంది.”

“అయితే పోయినట్టేనా?”

“ఒక్క దారి చూపించింది. ఆ మూడు స్టార్లు ఇచ్చినామె నంబరు ఇవ్వాలట. మాట్లాడి చూసి, సాయంత్రానికల్లా ఆర్డరిస్తుందట.”

“అమ్మయ్య. ఈమాత్రం దానికి నన్ను ఉతికి ఆరేశావా? ఇచ్చెయ్యి మరి.”

“ఇవ్వాలి.”

“ఇవ్వాలి అంటూ కూర్చుంటే? కొన్నది పదకొండు మందేగా, అందరి నంబర్లూ నీ దగ్గరున్నాయి. ఎవరో వెతుకు.”

“కొన్నవాళ్లెవరూ ఒక్క ముక్క రాయలేదురా.”

“మరి అది? కుట్టు ఊడింది, వేసుకున్నాను అని అంత వివరంగా...”

“ఊడిన మాట నిజమే. వేసుకున్న మాటా నిజమే.”

“అయితే ఆ నంబరే ఇవ్వు. ఏంటి ఆలోచిస్తావు?”

“నా నంబరు ఆవిడ దగ్గర ఎప్పట్నుంచో ఉందిరా.”