అరపేజీ చట్టం అడిగిన మనిషి

పుష్పవల్లి వదినా, వేదిక మీది పెద్దలూ, పని మానుకుని వచ్చిన ఇరవై నాలుగు సినిమా క్రాఫ్టుల అన్నలూ అక్కలూ, లోపల చోటు లేక మెట్ల మీదే నిలబడిపోయిన కృష్ణానగర్ వాళ్లూ, అందరికీ దండం. నా పేరు లీలాకుమారి. ముప్పై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టుని. సెట్లు కట్టే మన బాలనర్సయ్య అన్న పోయిన మంగళవారం పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. నాలుగు ఓదార్పు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నా దగ్గర ఓదార్పు లేదు. కోపం ఉంది. అదే చెబుతాను.

మన షూటింగు ఫ్లోర్లలో పార్లమెంటు సెట్టు ఎన్నిసార్లు వేశారో నాకే గుర్తు లేదు. కట్టింది అన్న. ఆ బెంచీల మీద ఎంపీలుగా కూర్చుంది మేము. ఒకసారి ఒక దర్శకుడు లోక్‌సభ సీనుకు ఎర్ర తివాచీ పరవమన్నాడు, రిచ్‌గా కనిపిస్తుందని. అన్న పరవలేదు. "ఎర్రది రాజ్యసభల ఉంటది సార్. లోక్‌సభల పచ్చది. తెలిసి తెలిసి తప్పు చెయ్య" అన్నాడు. దర్శకుడు అరిచాడు, పనిలోంచి తీసేస్తానన్నాడు. అన్న సుత్తి కింద పెట్టి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పచ్చ తివాచీ వచ్చింది.

ఆరేళ్ల కిందట లైట్‌మన్ భిక్షం పైనుంచి పడ్డాడు. అదిగో, తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఆ రోజు నుంచి అన్నది ఒకటే పట్టు. ఎత్తున పనిచేసే ప్రతి మనిషికీ నడుముకు బెల్టు, పరంజాకు అడ్డకర్ర. అవి ఉన్నాయని బాధ్యత గల మనిషి సంతకం పెడితేనే కెమెరా తిరగాలి. ఆయన అడిగిన చట్టం ఇంతే. అరపేజీ. ఇదేమైనా గొంతెమ్మ కోరికా?

ఏడాది తిరిగితే ఒక ఎంపీ సరేనన్నారు. ఆయన మంత్రి కాదు. మంత్రులు కాని సభ్యులు పెట్టే బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నం తప్ప వేరే వేళ లేదు. ఆ శుక్రవారం అన్న ఢిల్లీలో, సందర్శకుల గ్యాలరీలో ఉన్నాడు. మేము యూసఫ్‌గూడలో టీ కొట్టు టీవీ ముందు ఉన్నాం. బిల్లు ప్రవేశపెట్టడానికి సభ ఒప్పుకుంటుందా అని అధ్యక్ష స్థానం అడిగింది. సభ్యులు ఔనన్నారు. నిమిషం కూడా పట్టలేదు. మేము ఈలలు వేశాం. వీధంతా లడ్డూలు పంచాం. నేనే పంచాను. మాకు తెలిసిన పార్లమెంటు సినిమా పార్లమెంటే కదా, ఒక డైలాగు, చప్పట్లు, అయిపోయింది చట్టం. అన్న ఫోన్లో అన్నాడు, "లీలమ్మా, గిది బిల్లు పెట్టనీకి ఒప్పుకున్నదే. ఇంక చర్చ గావాలె, ఓటు గావాలె, గా రెండో సభ దాటాలె, రాష్ట్రపతి సంతకం పడాలె. జర ఓపిక పట్టుండ్రి."

పట్టాం. మంత్రులు కానివాళ్లు పెట్టిన బిల్లు చివరిసారి చట్టమై యాభై ఏళ్లు దాటిందని అన్నకు తెలుసు. తెలిసే పోరాడాడు. ఏ బిల్లు ముందు చర్చకు రావాలో చీటీలు తీస్తే అన్న బిల్లుకు మూడో చోటు దొరికింది. జనరల్ పెట్టెలో మళ్లీ ఢిల్లీ వెళ్లాడు. ఆ మధ్యాహ్నమంతా మొదటి బిల్లుతోనే సరిపోయింది. తర్వాతి వంతు నాడు గొడవ, సభ వాయిదా. ఆ తర్వాత సమావేశాలే ముందుగా ముగించేశారు. "నా సెట్టుల గూడ గన్ని బెంచీలు ఖాళీ ఉంచరు లీలమ్మా" అన్నాడు తిరిగొచ్చి. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

చివరికి లోక్‌సభ రద్దయింది. సభ రద్దయితే అందులో మిగిలిపోయిన బిల్లులకూ నూకలు చెల్లినట్టే. మన బిల్లును ఎవరూ కాదనలేదు. ఎవరూ వ్యతిరేకంగా ఓటు వేయలేదు. అసలు ఎవరూ నోరే విప్పలేదు. అదే సభలో, అంత గొడవలోనూ, వాళ్లకు కావలసిన బిల్లులు మూజువాణి ఓటుతో నిమిషాల్లో దాటిపోవడం నేను చూశాను. టైము లేదా అధ్యక్షా? ఎవరి బిల్లుకు లేదు?

ఇక మంగళవారం సంగతి. అన్న చట్టం కోసం ఆగేవాడు కాదు, ఏ సెట్టులోనైనా పరంజా చుట్టూ తనే అడ్డంగా తాడు కట్టేవాడు. ఆ రోజు పెళ్లి మండపం సెట్టు. తాడు ఫ్రేములోకి వస్తోందని విప్పించారు. షాటు అయింది. మళ్లీ కట్టనివ్వలేదు, ఆలస్యమవుతోందన్నారు. పూలదండ సరిచేయడానికి అన్న దగ్గర పనిచేసే నానిని ఎక్కమన్నారు. నాని వెనకాడాడు. "ఇద్దరు పిల్లల తండ్రివి, నువ్వుండు. నేను పోత" అని అన్న ఎక్కాడు. ఫ్రేము పాడవకూడదని మనిషిని పోగొట్టుకున్నాం. దీన్ని ప్రమాదం అంటున్నారు. నేను అనను.

ఇందాక ఇప్పటి ఎంపీగారి సంతాప సందేశం చదివారు. అయ్యా, మాకు సందేశం వద్దు. ఆ బిల్లుకు మళ్లీ నోటీసు ఇవ్వండి. అరపేజీ కాగితం వదిన దగ్గరే ఉంది. శుక్రవారం ఇంటికి విమానం ఎక్కకుండా సభలో కూర్చోండి. ముందు వరసలో ఉన్న నిర్మాతలూ, మీరూ చెప్పండి. ఒక తాడు కట్టడానికి మీకు ఏ సభ ఒప్పుకోవాలి?

రేపు ఉదయం ఏడింటికి అదే ఫ్లోరులో షూటింగు. అదే పరంజా మీదికి నాని ఎక్కాలి. మధ్యాహ్నం నేను వెళ్లి చూసి వచ్చాను. అన్న కట్టిన తాడు ఇంకా నేల మీదే పడి ఉంది.

కాబట్టి ఇప్పుడు అందరం లేద్దాం. అన్న కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. మౌనం అయ్యాక ఎవరూ మళ్లీ కూర్చోవద్దు, నిర్మాతలతో సహా. ఇక్కడి నుంచి ఆ ఫ్లోరుకు నడిచే వెళ్దాం. భిక్షం కుర్చీ ముందు నడుస్తుంది. నాని నడుముకు బెల్టు పెట్టి, ఆ తాడు కట్టాకే ఇళ్లకు పోదాం. లేవండి.